అడిగారటా?

మన మాటల్లోంచి ‘ట’ అనే ఒక్క అక్షరం తీసేస్తే ఏమవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? నా వరకైతే సగం కబుర్లు ఆగిపోతాయి. పై ఫ్లాట్ వాళ్ల అమ్మాయికి సంబంధం కుదిరిందట. పనమ్మాయి రేపు రాదట. ఉల్లిపాయల ధర మళ్లీ పెరుగుతుందట. నేను చూడలేదు, ఎవరో చెబితే విన్నాను, నిజమైతే నిజం, కాకపోతే నా పూచీ లేదు. ఇంత సంగతినీ ఆ ఒక్క అక్షరమే మోస్తుంది. తెలంగాణ వైపు ‘అంట’ అన్నా, మా తెనాలి వైపు ‘అట’ అన్నా అది చేసే పని ఒకటే.

డిగ్రీలో తెలుగు చదివిన మూడేళ్లూ సంధులు, సమాసాలు, ఛందస్సు వల్లె వేశాను గానీ, ఈ ‘ట’ గురించి ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. నోట్లోనే ఉన్నదాని గురించి ఎవరాలోచిస్తారు? దాని సంగతి తెలుసుకోవడానికి నేను టర్కీ దాకా వెళ్లాల్సి వచ్చింది.

మావారు సివిల్ ఇంజినీరు. 2021 సెప్టెంబరులో వాళ్ల కంపెనీ ఆయన్ని అంకారా పంపింది. మా అబ్బాయి అప్పుడు ఏడో తరగతి. ముగ్గురం వెళ్లాం, మూడేళ్లు అక్కడే ఉన్నాం.

మేం విమానం ఎక్కేనాటికి మా నాన్న పోయి నాలుగు నెలలు. కరోనా రెండో విడత అది. నేను హైదరాబాద్‌లో, నాన్న గుంటూరులో ఒక ఆసుపత్రిలో. ఇక్కడ లాక్‌డౌన్, అక్కడ కర్ఫ్యూ. వార్డులోకి ఎవరినీ రానిచ్చేవారు కాదు. తమ్ముడు గేటు బయట చెట్టుకింద కూర్చునేవాడు. ఇంట్లో అమ్మ ఒక్కతే. నాన్న ఆఖరి నాలుగు రోజులూ మాకు ‘ట’లోనే అందాయి. ఆక్సిజన్ పెట్టారట. కాస్త జావ తాగారట. మగతగా ఉన్నారట. ఐదో రోజు తెల్లవారుజామున పోయారట.

ఆ తర్వాత అమ్మ తమ్ముణ్ణి అడగడం మొదలుపెట్టింది.

“నన్ను అడిగారటరా?”

“నేను లోపలికి వెళ్లానా అమ్మా? నాకేం తెలుసు?” అనేవాడు తమ్ముడు.

అమ్మ ఊరుకునేది. పది రోజులకు మళ్లీ అదే. “ఏమన్నా అన్నారటరా ఆఖర్న?” వాడు విసుక్కునేవాడు. వాడి బాధ వాడిది. ఫోన్లో నేనూ అమ్మకే సర్దిచెప్పేదాన్ని. “వాణ్ణి అలా కాల్చుకు తినకమ్మా, వాడు మాత్రం చూశాడా?” అని. అలా అన్నది నేనే. అందుకే ఇప్పుడిది రాస్తున్నాను.

అంకారాలో మా ఇంటికి దగ్గర్లోనే విదేశీయులకు టర్కీ భాష నేర్పే తరగతి ఉండేది. వారానికి రెండు రోజులు. మావారు ఆఫీసుకీ అబ్బాయి బడికీ వెళ్లాక, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక చేరాను. నలభై దాటాక మళ్లీ బల్ల ముందు కూర్చోవడం నవ్వులాటగానే ఉండేది. కానీ తొందరగానే కుదురుకున్నాను. క్రియ వాక్యం చివర వస్తుంది, విభక్తులు మాట వెనక అతుక్కుంటాయి, అన్నీ మనలాగే. ప్రశ్న వేయాలంటే ‘మి’ చేర్చాలి. ముందున్న అచ్చును బట్టి అది మి అవుతుంది, ము అవుతుంది, మ్యు అవుతుంది, నాలుక ఎంత తిప్పినా నాకు సరిగ్గా పలకని ఇంకోటి కూడా అవుతుంది. మన హరికి, గురువుకు అన్నప్పుడు కి, కు మారడం లేదూ, అలాంటిదే అనుకుని సర్దుకున్నాను.

ఒకరోజు టీచరమ్మ బోర్డు మీద రెండు భూతకాలాలు రాసింది. ఒకటి ‘గెల్ది’. రెండోది ‘గెల్మిష్’. రెండింటికీ అర్థం వచ్చాడు అనే. కానీ గెల్ది అంటే వచ్చాడు, నాకు తెలుసు, నా కళ్ల ముందే వచ్చాడు. గెల్మిష్ అంటే వచ్చాడట. మొదటిదాన్ని వాళ్ల బడి వ్యాకరణాల్లో ‘చూసిన భూతకాలం’ అంటారు, రెండోదాన్ని ‘విన్న భూతకాలం’ అంటారు. కాలానికి వాళ్ల మాట ‘జమాన్’. మన జమానాయే!

నేను ఉన్నపళంగా బల్ల మీద చరిచాను. పక్కనున్న ఉక్రెయిన్ అమ్మాయి ఉలిక్కిపడింది. ఆ క్లాసులో మిగతావాళ్లందరికీ గంటసేపు అర్థం కాని సంగతి నాకు చిటికెలో అర్థమైంది మరి. మా ఇంట్లో రోజుకు వందసార్లు వాడే మాట అది.

ఈ తేడాను పట్టుకోవడం కూడా కొత్తదేం కాదని టీచరమ్మ చెప్పింది. 11వ శతాబ్దంలో కాష్గర్ ఊరి మహమూద్ అనే పండితుడు తురక భాషలకు అరబ్బీలో ఒక నిఘంటువు రాశాడు. మాట్లాడేవాడు చూసినదానికి ‘ది’, ఎదుట లేనప్పుడు జరిగినదానికి ‘మిష్’ అని అందులోనే వివరించాడు.

అయితే మిష్ మన ట కంటే కాస్త ఎక్కువ పని చేస్తుంది. గుమ్మం ముందు మావారి బూట్లు కనబడితే, మనిషి కనబడకపోయినా గెల్మిష్ అనొచ్చు. మనమైతే అక్కడ ‘వచ్చినట్టున్నారు’ అంటాం. చాన్నాళ్ల తర్వాత చూసిన పిల్లాణ్ణి “అబ్బో, ఎంత ఎదిగిపోయావు!” అనడానికీ మిష్ వాడతారు. టీవీ చూస్తూ కునుకు తీసి లేస్తే “ఉయుయకాల్మిషిమ్” అంటారు. నిద్రపోయానట! పోయింది తనే, కానీ పోతున్నప్పుడు తనకు తెలియదు కదా. మనం “చిన్నప్పుడు నేను తెగ ఏడ్చేదాన్నట” అంటాం చూడండి, అదీ ఇదే. కథలు కూడా వాళ్లు మిష్‌తోనే మొదలుపెడతారు. మన ‘అనగనగా’లో అనడమే ఉంది కదా. ఎవరో అంటే విన్నదే కథ. ఈ ముక్క క్లాసులో వచ్చీరాని టర్కీలో చెబితే టీచరమ్మ రాసుకుంది. ఆ వేళ ఇంటికి గాల్లో తేలుతూ వచ్చాను.

ఆ గర్వం ఎన్నాళ్లో నిలవలేదు.

మా కింది అంతస్తులో ఒక పెద్దావిడ ఉండేది. అరవై దాటిన మనిషి. అక్కడ పరాయి పెద్దావిడనైనా ‘తెయ్‌జె’ అని పిలుస్తారు, అంటే అమ్మ తోడబుట్టింది. ఆవిడ నన్ను ‘కిజిమ్’ అనేది, నా కూతురా అని. కూర గిన్నెలు మా రెండు ఇళ్ల మధ్య తిరుగుతూ ఉండేవి. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదన్నది వాళ్లకూ ఉంది, అందుకని ఆ తిరగడానికి అంతుండేది కాదు.

మా పేటలో వారం వారం సంత జరిగేది. దాన్ని ‘పజార్’ అంటారు, మన బజారే. తెయ్‌జె సంతకు వెళ్లిందని మూడో అంతస్తు ఆవిడ చెప్పింది. మర్నాడు మెట్ల మీద కనబడితే నేను కొత్త విద్య ప్రదర్శించాను. “నిన్న సంతకెళ్లారటా?” అని మనసులో అనుకుని, మిష్ పెట్టి, వెనక ప్రశ్న తగిలించి, “గిత్మిష్ మిసినిజ్?” అన్నాను.

తెయ్‌జె కూరగాయల సంచి కింద పెట్టి మరీ నవ్వింది. “కిజిమ్, వెళ్లానో లేదో నాకు తెలియదా? నిద్రలో నడిచానా ఏమిటి?”

నాకు తల తిరిగింది. తెలుగులో ఇది నిక్షేపంలాంటి ప్రశ్న కదా! తర్వాతి క్లాసులో టీచరమ్మని అడిగాను. ఆవిడ చెప్పింది ఇది. మామూలు మాటలో మిష్ పెడితే, విన్నది నువ్వు. అదే ప్రశ్నలో పెడితే ఆ మిష్ ఎదుటివాళ్ల వైపు తిరుగుతుంది. జవాబు చెప్పేవాళ్లకు ఆ సంగతి ఎలా తెలిసి ఉంటుందో ముందే ఊహించి అడగాలి. వాళ్లు కళ్లారా చూసి ఉంటారు, లేదా తామే చేసి ఉంటారు అనుకుంటే ది. ఎవరో చెబితే విని ఉంటారు, లేదా ఇప్పుడు వెళ్లి చూసి కనుక్కుంటారు అనుకుంటే మిష్. సంతకు వెళ్లిన మనిషినే పట్టుకుని మిష్‌తో అడిగితే, నీ సంగతి నీకు తెలియదేమో, ఎవరైనా చెప్పారేమో అన్నట్టు ఉంటుంది. “మీరు వెళ్లారని విన్నాను” అనాలంటే ప్రశ్న మానేసి, “గిత్మిష్‌సినిజ్” అని మామూలుగా అంటే చాలు, ఆవిడే తక్కినది చెబుతుంది.

బస్సులో వస్తూ మన ట గురించి ఆలోచించాను. “నువ్వు ఊరెళ్తున్నావటా?” అన్నప్పుడు విన్నది నేను. “పెళ్లి ఎప్పుడట?”, “ఏం తెమ్మన్నాడట?” అన్నప్పుడు విన్నది నువ్వు, నువ్వు విన్నది నాకు చెప్పు అని అడగడం. మన ట రెండు వైపులా తిరుగుతుంది. ఎటు తిరిగిందో మనకు పుట్టినప్పటినుంచీ తెలుసు కాబట్టి తికమక పడం. వాళ్ల ప్రశ్నలో అది ఎప్పుడూ జవాబు చెప్పే మనిషి వైపే చూస్తుంది.

ఈ సూత్రం పుస్తకంలో కంటే తెయ్‌జె వంటింట్లోనే నాకు బాగా ఎక్కింది. ద్రాక్ష ఆకుల్లో బియ్యం పెట్టి సన్నగా చుట్టి ఉడికించేదాన్ని ‘సర్మా’ అంటారు. ఆవిడ ఒకటి నా చేతిలో పెట్టి, “నసిల్ ఓల్ముష్?” అనేది. ఎలా కుదిరింది అని. వండింది తనే, మరి అందులో మిష్ ఎందుకు? ఎందుకంటే ప్రశ్న నాకు. నేను వండడం చూడలేదు, రుచి చూసి కనుక్కోవాలి. అందుకని నా తరఫున మిష్. “చోక్ గ్యుజెల్ ఓల్ముష్, ఎల్లెరినె సాలిక్” అనేదాన్ని. చాలా బాగా కుదిరింది, మీ చేతులు చల్లగుండాలి అని. నా నిమ్మకాయ పులిహోర తిని ఆవిడా అలాగే అంది, పచ్చిమిరపకాయకు కళ్లవెంట నీళ్లు కారుతుండగా.

కూతురు మనవరాలిని వదిలి వెళ్లినప్పుడు, చేతులకు పిండి అంటి ఉంటే, “బక్ బకలిమ్, ఉయుముష్ ము?” అనేది నాతో. చూసి రా, పడుకుందా అని. నేను మునివేళ్ల మీద వెళ్లి తలుపు సందులోంచి చూసి వచ్చి “ఉయుముష్” అని గుసగుసగా చెప్పేదాన్ని. ఒక పసిపిల్ల నిద్ర గురించి అంత జాగ్రత్తగా అడగడం, అంత జాగ్రత్తగా చెప్పడం నాకు ముచ్చటేసేది.

2023 ఫిబ్రవరి 6, సోమవారం. తెల్లవారుజామున 4 గంటల 17 నిమిషాలకు దక్షిణాన భూకంపం వచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మళ్లీ ఇంకోటి. మీరూ ఆ రోజుల్లో టీవీల్లో చూసే ఉంటారు. టర్కీలోనే 50 వేల మందికి పైగా పోయారు. తెయ్‌జె పుట్టిల్లు అంతాక్యా, హతాయ్ జిల్లాలో. బాగా దెబ్బతిన్న ఊళ్లలో అదొకటి. వాళ్ల అక్క అక్కడే, కొడుకు దగ్గర, మూడో అంతస్తులో ఉండేది. అంకారాలో మా ఇళ్లు నిలిచే ఉన్నాయి. మా కింది ఇల్లు మాత్రం ఆ రోజు నుంచీ పొయ్యి వెలగలేదు.

మెట్లకున్న ఆడవాళ్లందరం వాళ్లింట్లోనే. ఎవరో టీ కాస్తున్నారు, ఎవరూ తాగడం లేదు. ఫోన్లు కలవడం లేదు. కలిస్తే అవతల ఎవరో బంధువు, ఆయనా చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. లోపలికి వచ్చిన ప్రతి ఒక్కరూ ముందు “హబెర్ వార్ మి?” అనేవారు. ఖబురేమైనా ఉందా అని. రెండో రోజు సాయంత్రం నేను వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని, ఏమడగాలో తెలియక, కంగారులో “బుల్దులర్ మి?” అన్నాను. దొరికారా అని. ది పెట్టి.

తెయ్‌జె నా వైపు తిరిగింది. “నేనక్కడ ఉన్నానా కిజిమ్?” అంది. కసరలేదు. గొంతు మాత్రం పగిలినట్టుంది. “నేనక్కడ ఉన్నానా?”

నేనన్నదాంట్లో వ్యాకరణం తప్పేమీ లేదు. రోజూ అందరూ అలాగే అడుగుతారు. కానీ ఆ పూట, ఆ మనిషి, తను అక్కడ లేనని రెండు రోజులుగా గుండెలు బాదుకుంటోంది. నేను వెళ్లి, అక్కడ ఉన్నదాన్ని అడిగినట్టు అడిగాను. ఆ తర్వాత ఒక ముసలావిడ వచ్చి, తెయ్‌జె మోకాలి మీద చెయ్యి వేసి, “చికర్మిష్లర్ మి?” అంది. బయటికి తీశారటా అని. నీకు తెలిసినంతే చెప్పు, నువ్వు విన్నదే చెప్పు, అంతకంటే నిన్నేం అడగను అన్నట్టు వినబడింది నాకు. తెయ్‌జె ఆవిడకు జవాబు చెప్పింది. పక్క భవనంలోంచి ఇద్దరిని తీశారట. గొంతులు వినబడ్డాయట. మిషినరీ వచ్చిందట. వాక్యం వెనక వాక్యం, అన్నీ మిష్.

నేను కళ్లు మూసుకున్నాను. జావ తాగారట. మగతగా ఉన్నారట. గుంటూరు ఆసుపత్రి గేటు, చెట్టుకింద తమ్ముడు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి.

బుధవారం ఫోను వచ్చింది. తెయ్‌జె నిలబడే వింది. నేను దగ్గరికి వెళ్లి, ఈసారి ఆగి, మెల్లిగా “బుల్ముష్లర్ మి?” అన్నాను.

“బుల్ముష్లర్” అంది. దొరికారట. అక్క కొడుకు బతికే ఉన్నాడట. “అబ్లామ్ వెఫాత్ ఎత్మిష్.” మా అక్క పోయిందట. ఆ చివరి మిష్‌ను రెండు మూడుసార్లు పలికింది. దాన్ని దాటి ముందుకు వెళ్లలేకపోయింది.

ఆ రాత్రే కొడుకుతో కలిసి కారులో బయల్దేరింది. ఆ వారంలోనే మన దేశం నుంచి సహాయక బృందాలు, సైన్యం వాళ్ల ఆసుపత్రి ఆ జిల్లాకే వెళ్లాయి. దానికి మనవాళ్లు పెట్టిన పేరు ఆపరేషన్ దోస్త్. దోస్త్ అంటే వాళ్లకూ దోస్తే. అక్కణ్ణుంచి ఒకసారి ఫోన్ చేసి, అంత దుఃఖంలోనూ నాతో అంది, “హిందిస్తాన్‌దన్ గెల్మిష్లర్, కిజిమ్.” మీవాళ్లు వచ్చారట అని.

పన్నెండో రోజున తిరిగొచ్చింది. నేను “బాషినిజ్ సా ఓల్సున్” అన్నాను. పోయినవాళ్ల ఇంట్లో అనే మాట అది, మీ తల క్షేమంగా ఉండాలని. ఆవిడ సోఫాలో కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, “తోప్రాయా వెర్దిక్” అంది. మట్టికి ఇచ్చాం అని. వెర్దిక్. అందులో మిష్ లేదు. తనే వెళ్లింది, చూసింది, తన చేత్తో మన్ను వేసింది. ఆ తర్వాత అక్క గురించి ఎప్పుడు చెప్పినా పోయింది అనే అంది, పోయిందట అనలేదు. ఏడుపు కూడా ఆ రోజే సరిగ్గా వచ్చింది ఆవిడకు.

మా అమ్మకు ఆ ఊరటా దక్కలేదని అప్పుడు తట్టింది నాకు. నాన్నను మూటగట్టి అంబులెన్సులో నేరుగా తీసుకెళ్లారు. తమ్ముడు దూరం నుంచి చూశాడు. అమ్మకు అదీ లేదు. ఆవిడకు మిగిలింది విన్న భూతకాలమే.

ఆ ఆదివారం అమ్మకు ఫోన్లో తెయ్‌జె సంగతంతా చెప్పాను. అమ్మ ఓపిగ్గా వింది. చివర్న ఒక్కటే అడిగింది. “వాళ్లక్క ఆఖర్న ఏమన్నా మాట్లాడిందటా?”

తెనాలిలో కూర్చుని, పేరైనా తెలియని ఒక తురక ఆవిడ గురించి అడుగుతోంది మా అమ్మ. తన సంగతి అడగడం ఏడాదిగా మానేసింది. మానేసింది అనుకున్నాం మేం.

ఆ రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. వాళ్లకప్పటికి పదిన్నర. “ఒరేయ్, నాన్న సంగతి ఒకటి అడుగుతాను, విసుక్కోకు. అమ్మను అడిగారటా నాన్న?”

“అక్కా, మళ్లీ నువ్వు కూడానా? నేను లోపలికి వెళ్లానా?”

“నువ్వు వెళ్లలేదని నాకూ తెలుసు, అమ్మకూ తెలుసు. నువ్వు చూశావా అని అమ్మ ఎప్పుడూ అడగలేదురా. అడిగారా అనలేదు. అడిగారటా అంది. నువ్వేమైనా విన్నావా అని. వార్డులోంచి ఎవరైనా ఏమైనా చెప్పారా నీకు?”

అవతల చాలాసేపు ఏమీ వినబడలేదు. ఫోను కట్ అయిందేమో అనుకున్నాను.

“ఒక వార్డుబాయ్ ఉండేవాడు” అన్నాడు చివరికి. “మూడో రోజు రాత్రి గేటు దగ్గరికి వచ్చి, ‘మీ నాన్నగారు, మా ఆవిడ అన్నం తిందా అని అడుగుతున్నారండీ’ అన్నాడు. నేను యాభై రూపాయలిచ్చాను. తర్వాత చూస్తే ఇంకొకాయనతో కూడా అలాంటిదేదో చెబుతున్నాడు. అందరికీ ఇదే చెబుతాడేమోలే అనిపించింది. చూడని మాట అమ్మకెలా చెప్పనక్కా? రేపు అది అబద్ధమైతే?”

వాడు ఏడుస్తున్నాడు. నలభై ఏళ్ల మగవాడు, రెండేళ్లుగా ఆ మాటను ఎక్కడ పెట్టాలో తెలియక లోపలే పెట్టుకున్నాడు. మేమంతా వాడు విసుక్కుంటున్నాడనుకున్నాం.

“చివర్న ట పెట్టి చెప్పరా” అన్నాను. “నువ్వు విన్నది విన్నట్టు చెప్పు. నమ్మాలో వద్దో అమ్మే చూసుకుంటుంది.”

మర్నాడు పొద్దున కాఫీ వేళ చెప్పాడు. నేను ఫోన్లో స్పీకర్ మీద ఉన్నాను. “అమ్మా, ఆసుపత్రిలో ఒక అబ్బాయి చెప్పాడు, నిజమో కాదో నాకు తెలీదు. నువ్వు అన్నం తిన్నావా అని నాన్న అడిగారట.”

అమ్మ వెంటనే ఏమీ అనలేదు. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

“అడిగారటనా?” అంది. కాసేపాగి, “ఆ అబ్బాయిది ఏ ఊరట?” అంది. తమ్ముడికి తెలియదు. మళ్లీ ఆగి, “తిన్నానని చెప్పాడటనా ఆయనతో?” అంది.

ఆ ప్రశ్నకు జవాబు మా ఎవరి దగ్గరా లేదు. “అది తెలీదమ్మా” అన్నాడు తమ్ముడు.

“చెప్పే ఉంటాడులే” అంది అమ్మ. లేచి గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

చెప్పే ఉంటాడు. టర్కీలో దీనికి మిష్ వెనక ‘తిర్’ చేర్చి ‘సొయ్‌లెమిష్‌తిర్’ అంటారు. చూడలేదు, వినలేదు, అయినా అలా జరిగే ఉంటుందని మనసు చెబితే అనే మాట. అమ్మ ఏ క్లాసుకూ వెళ్లకుండానే అక్కడికి చేరింది.

మేం హైదరాబాద్ వచ్చేసి కొంతకాలమైంది. తెయ్‌జె అప్పుడప్పుడు వీడియో కాల్ చేసి మా అబ్బాయిని చూసి, ఎంత ఎదిగిపోయావో అంటుంది మిష్ పెట్టి. నాన్న సంవత్సరీకాలకు తెనాలి వెళ్తే, అమ్మ వచ్చినవాళ్లకు కొసరి కొసరి వడ్డిస్తూ ఆ మాట చెబుతుంటుంది. “ఆ స్థితిలో కూడా నేను అన్నం తిన్నానా అని అడిగారట.” అడిగారు అని ఒక్కసారీ అనలేదు. ఆ ట ఎప్పుడూ వదలదు. దాంతోనే చెబుతుంది, దాంతోనే తృప్తి పడుతుంది. నిజాయితీ అయిన మనిషి మా అమ్మ.

మీ ఇంట్లో కూడా ఎవరైనా పెద్దావిడ ఇలాంటి ప్రశ్న పదే పదే అడుగుతుంటే, “నాకేం తెలుసు, నేను చూశానా” అనేముందు ఒక్క నిమిషం ఆగండి. ఆవిడ అడిగేది మీరు చూసినది కాకపోవచ్చు. ఎక్కడో ఎవరో చెప్పిన ముక్క మీ దగ్గర ఉండిపోయిందేమో గుర్తు చేసుకోండి. ఉంటే, చివర ట పెట్టి చెప్పేయండి.